మంచుకొండకు బాపు కర్ర

గోదావరిఖని
18 ఏప్రిల్ 1971

ప్రియమైన తమ్ముడు స్తెఫనుకు,

నువ్వు ఓడెక్కి మూడు నెలలైంది. న్యూఫౌండ్‌లాండ్ వైపు పోతున్నామని రాశావు, ఆ తర్వాత ఒక్క ముక్క లేదు. బొగ్గుబాయిలో పైకప్పు కూలి బాపు పోయినప్పుడు, ప్రాణానికి ముప్పున్న పనికి పోనని మనల్ని కన్న అవ్వ చేతిలో చెయ్యేసి మాటిచ్చావు. చివరికి పెనం మీంచి పొయ్యిలో పడ్డావు. నువ్వు బొంబాయి రేవులో గుమాస్తావని అవ్వకు నేను అబద్ధం చెబుతున్నాను. మాట తప్పింది నువ్వు, అబద్ధం మోస్తున్నది నేను.

నిన్న ఇంట్లో ట్యూషన్ పిల్లలకు మంచుకొండల పాఠం చెప్పాల్సి వచ్చింది. గ్రీన్‌లాండ్ దగ్గర విరిగిపడి, చల్లని ప్రవాహం వెంట దక్షిణానికి, నువ్వున్న న్యూఫౌండ్‌లాండ్ వైపే కొట్టుకొస్తాయట. పది వంతుల్లో దాదాపు తొమ్మిది నీళ్లలోనే ఉంటాయి గనుక, గాలి ఎటు వీచినా ప్రవాహం లాగినవైపే ఎక్కువగా పోతాయట. వెచ్చని నీరు తగిలితే అడుగు కరిగి, తూకం తప్పి ఒక్కసారిగా తలకిందులవుతాయట. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎక్కువని చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

నాకు భయంగా ఉంది స్తెఫనూ. అన్నం సయించడం లేదు. క్షేమమని ఒక్క ముక్క రాయి.

మీ అక్క,
సుసన్నా

గోదావరిఖని
9 మే 1971

తమ్ముడూ,

ఇవాళ నీ ఉత్తరం అందింది. బతికున్నావు, దేవునికి స్తోత్రం. మంచులో చిక్కిన పాతగాలి బయటపడుతుంటే మంచుకొండ చిటపటలాడుతుందని రాశావు. అది లోగొంతుతో చదువుకుంటుంటే అవ్వ వెనకే నిలబడి, "గట్టిగ సదువు బిడ్డా. బొంబాయిల మంచుగుట్టలుంటయా?" అంది.

ఆ రోజు నా పాఠమంతా వంటింట్లోంచి విన్నదట. "నీ గొంతు పూడుకపోతనే నాకు ఎరుకైంది," అంది. నేను ఏడ్చేశాను. అవ్వ ఏడవలేదు. అటక మీంచి బాపు కర్ర దించి కొంగుతో తుడిచింది. పనిలోకి దిగేముందు బాపు ఆ కర్రతోనే బాయి పైకప్పును కొట్టి చూసేవాడు. ఖంగున మోగితే గట్టి, బొంగురుగా మోగితే కూలుతుంది.

"కప్పు కూలిన పొద్దు మీ బాపు దీన్ని ఇంట్ల మరిసిపోయిండు. తమ్మునికి పంపు. గుట్ట కాడికి పోతే కొట్టి సూడుమను. బొంగురుగ మోగితే జల్ది ఎనుకకు మర్ల రమ్మను," అంది.

మంచుకొండకు అంత దగ్గరగా ఎవరూ పోరని నేను చెప్పలేదు. కర్రను మీ ఓడ కంపెనీ ఆఫీసు చిరునామాకు పార్శిల్ చేశాను. అందగానే, 'కొట్టి చూశాను, ఖంగున మోగింది' అని అవ్వకు రాయి. ఈ ఒక్క అబద్ధం నువ్వు మోయి.

మీ అక్క,
సుసన్నా