నీ కొలతకి చేసిన సైకిలు

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు చేయమని చెప్పిన రేసు సైకిలు ఇప్పటికి తయారైంది. సైకిళ్లు చేసే మస్తాన్ గారు నీ కాలి పొడవు పురికొసతో కొలిచి ముడేసుకున్నారు కదా, ఆ ముడి ప్రకారమే ఉక్కు గొట్టాలు అతికారు. రంగు కూడా నువ్వడిగిన పచ్చిమామిడి రంగే.

"మీకు ఎత్తవుతుందమ్మా. గొట్టం కోసి తగ్గిస్తానండీ" అన్నారాయన. అంగుళం కూడా కోయొద్దన్నాను.

"అది వాడి కొలతకి చేసింది. నీకెందుకమ్మా, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు నాన్న.

ఇవాళ తెల్లవారగానే మన కొట్టు ముందు మామిడికాయలు తూచే కాటా బల్లెక్కి, అక్కణ్ణుంచి సీటు మీదికి చేరాను. సీటు పూర్తిగా దించితే కాళ్లు పెడళ్లకి అందాయి గానీ నేలకి అందవు. ఆగితే పడతాను. విస్సన్నపేట వెళ్లి, కాలు కింద పెట్టకుండా తిరిగొస్తానని నువ్వు పందెం కాసేవాడివి. నాకిక వేరే దారి లేదు. తోటల మధ్య ఎదురుగాలికి తొడలు మండిపోయాయి. అక్కడి సెంటర్లో ఆగకుండానే చుట్టు తిరిగి వచ్చేశాను.

వచ్చేసరికి కొట్టు ముందు కాయల బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. రైతులు విసుక్కుంటున్నారు. నేను ఆ కాటా బల్ల మీదికి దిగేదాకా నాన్న దాని మీద ఒక్క గంపా పెట్టనివ్వలేదు.