తడి తువ్వాల

నాందేడ్, గురువారం

అవ్వకు దిగంబర్ దండాలు. తమ్ముడు సూర్యకాంత్ నిదానంగా చదివి వినిపించాలి.

నేను డ్యూటీ దిగి నేరుగా మన ఊరు కుండల్‌వాడికి వచ్చినప్పుడల్లా, "సల్లటి గదిల పనిచేసేటోనికి గీ చెమటేంది బిడ్డా?" అంటూ నా మెడమీది తువ్వాల పిండేదానివి. అది చెమట కాదవ్వా. కోల్డ్ స్టోరేజీలో చలి పుట్టించే అమ్మోనియా అనే ఘాటు గ్యాసు కారితే ముక్కుకు కట్టుకోవాలని పన్నెండేళ్లుగా తడిపి వేసుకుంటున్నాను. నువ్వు భయపడతావని చెమటే అన్నాను.

ఇప్పుడు చెప్పొచ్చు. మా ఇంజనీరు శుభాంగి మేడం చల్లబరిచే కాయిళ్లు మార్పించింది. పాతవాటిలో అమ్మోనియా నిండుగా నిలవాలి. కొత్తవాటి సన్నగొట్టాల్లో పలుచగా పారితే చాలు. పదో వంతు అమ్మోనియాతోనే పసుపు బస్తాలకు అదే చలి.

మంగళవారం ఒక జాయింటు కారింది. మునుపైతే బస్తీ అంతా ఖాళీ చేయించేవాళ్లం. ఈసారి వాల్వు మూసేసరికి ఘాటు గది గడప కూడా దాటలేదు. "ఇగ తువ్వాల తలుపు కొక్కానికెయ్యుండ్రి కాకా, మెడకెందుకు?" అని మేడం నవ్వింది. నాకు నవ్వు రాలేదు, చేతులెత్తి మొక్కాను.

కొట్టం మీద రేకులు వేయించారా? మోకాలి మందు అయిపోతే జీపు డ్రైవరు చేతికి చీటీ ఇవ్వు.

నీ కాళ్లకు మొక్కుతున్నాను. ఈసారి వచ్చినప్పుడు నా తువ్వాల నువ్వే పిండి చూడు, అవ్వా.