పాత టాబ్లెట్‌లో నీ నెమలి

అన్నా,

శ్రావణ శుక్రవారం. పొద్దుటి నుంచి ముసురు. ఎంబ్రాయిడరీ మిషన్‌కు నూనె వేశాను. నువ్వు పోయి నేటికి ఏడాది.

మన మధురానగర్ షాపుకు ఒక పెళ్లికూతురి తల్లి వచ్చింది. రేపే పెళ్లి, జాకెట్టు మీద నువ్వు గీసిన నెమలే కావాలంది. కంప్యూటర్‌లా నడిచే నీ పాత టాబ్లెట్ తెరవగానే అప్‌డేట్ మొదలైంది. ఆపవద్దని తెర మీద రాసి ఉంది, చక్రం తిరుగుతూనే ఉంది. మిషన్ చదివే ఆ డిజైన్ ఫైలు ఇంకెక్కడా లేదు.

వదిన తన కొత్త టాబ్లెట్ తీసింది. వేలు పెట్టగానే తెరుచుకుంది. అందులో నెమలి ఫోటో ఉంది.

"గా పాత డబ్బాకు ఇంకెన్ని రోజులు మొక్కుతవ్, రాజూ?"

"నీది చూపిస్తది వదినా, కుట్టియ్యదు. మిషన్‌కు డిజైన్ పంపే సాఫ్ట్‌వేర్ దాంట్ల ఎక్కదు."

"మరి ఇది ఖరాబైతే?"

ఇక కాదనుకుని ఆ తల్లి గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంటుండగా పాత టాబ్లెట్ తెర వెలిగింది. నెమలి ఉంది. ఒక్క ఈక కూడా చెదరలేదు.

తెర మూలన మళ్లీ చిన్న పెట్టె వచ్చింది. ఇంకో అప్‌డేట్ ఉందట, ఇప్పుడా, తర్వాతా అని. నువ్వెప్పుడూ నొక్కినట్టే "తర్వాత" నొక్కాను. వదిన చూసింది. ఆ తల్లి తిరిగిచ్చిన గుడ్డను చట్రానికి బిగించి, నీలం దారం ఎక్కించి, నీ నెమలిని మిషన్‌కు పంపాను.