దొర కుర్చీ

అశోక్‌నగర్ హాస్టల్,
శుక్రవారం.

డైరెక్టర్ ఉదయ్ కుమార్ గారికి,

చివరి సీనులో పనిమనిషి దొర కుర్చీలో కూర్చుంటుందని రాసింది మీరే. నిన్న చిక్కడపల్లి రిహార్సల్లో దొర వేషం వేస్తున్న బాలకిషన్ గారు, “నా ముందట గీ పిల్ల కూసునుడేంది? నిలబడుమను” అనగానే మీరు తలూపారు.

నేను నిలబడను.

నాలుగేళ్లుగా ఆయనకు తెర వెనక నుంచి డైలాగులు అందించింది నేనే. నేను గుసగుసగా చెబితే ఆయన గర్జించేవారు, చప్పట్లు ఆయనకు పడేవి. ఇప్పుడు నేను పనిమనిషి వేషం కట్టాను కాబట్టి తెర వెనక ఎవరూ లేరు. ఇంకొకరు అక్కర్లేదన్నది ఆయనే.

ఆదివారం ఆయన మాట మరిచిపోతే తప్పకుండా అందిస్తాను. నాటకం ఆగకూడదు. కానీ ఈసారి ఆ కుర్చీలో కూర్చునే, హాలంతటికీ వినబడేలా అందిస్తాను.

ఇట్లు,
మీ పాత ప్రాంప్టర్