ఆటోనగర్ నుంచి మెసేజ్

ఏమండీ,

మీ పాత లేత్ మిషనును మొన్న షెడ్డులో ఒక మూలకి జరిపించాం. అందరూ అమ్మేయమన్నారు గానీ నాకు మనసు రాలేదు. దాని చోట్లో కంప్యూటర్ మిషను వచ్చింది. ఏ దేశంలోనో గీసిన డ్రాయింగు నేరుగా దాంట్లోకి వస్తుంది, మన ఆటోనగర్ షెడ్డులో షాఫ్టు తయారవుతుంది. మీరుంటే దాని ముందు స్టూలేసుకుని కూర్చుని, భోజనానికి కూడా లేచేవారు కాదు.

మన స్వాతే నడుపుతోంది. సాయంత్రమైతే ఇంటికొచ్చేసి మిగతా పని ఫోన్లోనే చూసుకుంటుంది. మీ చొక్కాల నూనె మరకలు వదలక నేను విసుక్కునేదాన్ని. దాని బట్టలకు ఒక్క మరకైనా అంటదు. అదీ నచ్చడం లేదు నాకు.

ఆఖరి షాఫ్టు దించగానే మీరు ఫోన్ చేసి, "పనైపోయింది, బయల్దేరుతున్నా" అనేవారు. నేను అప్పుడే బియ్యం పొయ్యి మీద పెట్టేదాన్ని. మీరు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటి భవానీపురం చేరేసరికి అన్నం వార్చేసేదాన్ని.

నిన్న రాత్రి మీ ఫోన్ మోగింది. దాన్ని ఇంకా ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. కొత్త మిషను నుంచి మెసేజ్: పని పూర్తయింది. షెడ్డు కాగితాల్లో ఇంకా మీ నంబరే ఉంది కదా, అందుకని మీకే వచ్చింది. అది చదివి, అప్పటికే మా భోజనాలైపోయినా, లేచి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

స్వాతి చూసి, "నంబరు మార్చేయనా అమ్మా?" అంది.

"ఉండనీవే" అన్నాను.

అన్నం వార్చి కూర్చున్నాను. ఆ మిషను పనైపోయిందని చెబుతుంది గానీ, బయల్దేరుతున్నానని చెప్పదండీ.