కౌజుపిట్ట ఈకతో కట్టిన ఈగ

1962 జనవరి 9, మంగళవారం. రాజపాళయం

"నీ ఈగకు మొదటి ట్రౌట్ చేప పడిన దినమే నిన్ను మూణారుకు పిలుచుకొని పోతాను" అని మా బావ సింగరాజా మాట ఇచ్చి ఇరవై ఏళ్లయింది. ఆయన అక్కడ టీ ఎస్టేటులో గుమాస్తా. దొరతో కలిసి వాగులో చేపలు పట్టేవాడు. దొర పారేసిన పుస్తకం బావ తెచ్చిస్తే చదివి, గాలపు ముల్లుకు మిల్లు సన్ననూలుతో కౌజుపిట్ట ఈక కట్టి, చేపను మోసగించే ఉత్తుత్తి ఈగ చేయడం నేర్చుకున్నాను. ఈక ఒక్క చుట్టే తిప్పాలి. రెండో చుట్టు వేస్తే బిరుసెక్కి, నీటి పైకి లేచే పురుగులా కదలదు. ఎంత ఇష్టంగా కట్టానో! పన్నెండు డబ్బాలో పెట్టి పంపితే, సెలవుకు వచ్చి నవ్వాడు. బావమరిదినని నన్ను అరవంలో 'మచ్చాన్' అనేవాడు.

"ఒక్క చేపా ముట్టలేదు మచ్చాన్! నీకు పుస్తకాలే సరి."

ఆ రోజే ఈకలన్నీ పారేశాను.

బావ పోయి నెలయింది. ఇవాళ అక్క ఆయన పెట్టెలోని నా డబ్బా తెచ్చి ఇచ్చింది.

"నువ్వు కట్టినవే కదరా. దినామూ వాగుకు ఎత్తుకొని పోయినాడు. దొరకు తానే కట్టినానని చెప్పినాడు."

మూడే మిగిలాయి. మూడింటి ఈకలూ చేప పళ్లకు నలిగి ఉన్నాయి. ఒకదాన్ని నీళ్ల గ్లాసులో వేస్తే, ఈక మెల్లగా విచ్చుకుని ఊపిరి పీల్చినట్టు ఆడింది. ఇప్పుడు కడదామంటే సన్ననూలు కంటికి ఆనదు. పోయినవాణ్ణి ఏమీ అనవద్దని అక్క అంది. నోటితో అనను, ఇక్కడ రాస్తాను. నా చేతులను నేనే నమ్మకుండా చేసినవాడు సింగరాజా.