ఐదో వాగు

లూకన్,
8 మార్చి 2026

నా రాళ్ళపిచ్చి సుధేష్ణకి,

దొరికిందే! పదకొండు బంగారు రవ్వలు. అందులో ఒకటి నువ్వుగింజంత ఉంది. నీ క్యాంపులో సిగ్నల్ ఉండదని తెలిసీ ఈ మెయిలు రాస్తున్నాను, ఊళ్ళోకి వచ్చినప్పుడు చదువుకో. విశాఖలో జియాలజీ ఎమ్మెస్సీ రోజుల్లో సుత్తి పట్టుకుని నాతో ఎండలో తిరిగినదానివి, ఈ మాట ముందు నీకే చెప్పాలి.

ఈ ఐర్లాండ్‌లో బంగారం వెతకాలంటే నాలుగు మూలలా గుంజలు పాతి ఇది నాది అనుకుంటే చెల్లదు. మ్యాపు మీద గీత గీసి ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాలి. పేపర్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. అవన్నీ గట్టెక్కాక రెండేళ్ళ కిందట విక్లో కొండల్లో మా ముక్కకి లైసెన్సు వచ్చింది. దొరికే బంగారం రవ్వతో సహా రాజ్యానిదే, మాకున్నది వెతికే హక్కు. అది నిలవాలంటే రెండేళ్ళకోసారి చేసిన పనంతా రిపోర్టు రాసివ్వాలి, ఈ నెల ముప్ఫై ఒకటి గడువు. ఖర్చు ఐలీన్‌ది, కాళ్ళు నావి. ఐలీన్ రిటైరైన జియాలజిస్టు, డెబ్బై నాలుగేళ్ళు, లైబ్రరీలో పరిచయం. నాలుగు వాగులు వట్టిపోయాక ఆవిడ తేల్చి చెప్పేసింది, ఐదో వాగులోనూ లేకపోతే లైసెన్సు తిరిగిచ్చేద్దామని.

నీకు చెప్పనిది ఇంకోటుంది. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ అందరికీ నేను శశికాంత్ వైఫ్‌ని. ఆయన చెర్రీవుడ్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తాడు, నేను క్రెష్‌లో పిల్లల ముక్కులు తుడుస్తాను. లైసెన్సు కాగితం మీద కిరణ్మయి అని ఒట్టి నా పేరు చూసిన రోజు బాత్రూములో కూర్చుని ఏడ్చాను. శశి మాత్రం, బంగారం కావాలంటే షాపుకి పోదాం, బురదలోకెందుకు అని నవ్వాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆ నవ్వు నన్ను ఇంకా బాధపెడుతోంది.

నిన్న ఐదో వాగులో దిగాను. చేతులు కొంకర్లు పోయాయి. పళ్ళెంలో నల్ల ఇసుక కడిగి కడిగి చివరికి అంచున పసుపుపచ్చగా ఒక గీత కనిపిస్తే, నీళ్ళలోనే కూలబడ్డాను. ఆ పొలం డోనల్ అనే గొర్రెల ఆసామిది. ఇవాళ్టినుంచి గొర్రెలు ఈనుతాయి, ఏప్రిల్ సగం దాకా ఎవరూ రావద్దన్నాడు. పరవాలేదు, పని అయిపోయింది. రవ్వల్ని చిన్న గాజు సీసాలో వేసి, సీలు పెట్టి, నంబరు రాసి, వంటింటి ప్రెస్‌లో, ఇక్కడ అలమరని అలాగే అంటారు, పై అరలో దాచాను. ఐలీన్ కార్క్‌లో కూతురింట్లో ఉంది. ఇరవై ఒకటిన వచ్చి మైక్రోస్కోపులో తన కళ్ళతో చూస్తుంది.

మా అత్తయ్యగారు తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చి ఉన్నారుగా, ఆవిడకీ చూపించాను. "దొరికిందా?" అని మాత్రం అడిగి లోపలికెళ్ళిపోయారు. నేనేమో గాల్లో తేలుతున్నాను.

కాళ్ళు నేల మీద ఆనని
కిరణ్మయి

*

లూకన్,
20 మార్చి 2026

సుధేష్ణా,

సీసా లేదు.

నిన్న ఉగాది. కొత్త ఏడాది పేరు పరాభవ, నాకు మొదటిరోజే పలికింది. సాయంత్రం ప్రెస్ తెరిచి అర తడుముతుంటే అత్తయ్యగారు ఉగాది పచ్చడి గిన్నె కడుగుతూ ఎంతో ప్రశాంతంగా చెప్పారు.

"దొరికిన బంగారం ఇంట్లో ఉంచుకోకూడదమ్మాయ్. పోయినా అరిష్టమే, దొరికినా అరిష్టమే. ఏడాది మొదట్లో మనకెందుకని పొద్దున గుళ్ళో హుండీలో వేసేశా."

నాకు మేలు చేశాననే అనుకుంటున్నారు. సీలు కూడా విప్పారట, దేవుడికి గాజు ముక్క వేయకూడదని. గుడి కమిటీ సుందరరామయ్య అంకుల్‌కి ఫోన్ చేశాను. రామనవమికి హుండీ తెరుస్తాం, అప్పుడు చూద్దాం అన్నారు. చూసి ఏం లాభం? చిల్లరలో కలిసిన రవ్వ ఏ వాగుదో నేను మాత్రం ఎలా సంతకం పెట్టి చెప్పను? మళ్ళీ వాగులో దిగుదామంటే డోనల్ గేటు మూసేశాడు. ఐలీన్ రేపొస్తుంది. చూపించడానికేమీ లేకపోతే లైసెన్సు వెనక్కి పోతుంది, నేను మళ్ళీ శశికాంత్ వైఫ్‌ని.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరితోనూ అనకు. మధ్యాహ్నం శశి పనిముట్ల పెట్టెలోంచి ఆకురాయి తీసి నా పెళ్ళినాటి బంగారు గాజు లోపలి అంచు రాశాను. రాలిన పొడిలోంచి పదకొండు రవ్వలు ఏరి, వాగులో దొర్లినట్టుండాలని చెంచా వెనకవైపుతో నలిపి, ఇంకో సీసాలో పోసి అదే నంబరు రాశాను. ఇంకొకళ్ళు ఈ పని చేస్తే మనిద్దరం వాళ్ళ మొహం చూసేవాళ్ళమా? చేస్తున్నంతసేపూ ఒక్క రవ్వ కూడా కింద పడలేదు. దానికే నాకు భయంగా ఉంది. రేపు ఐలీన్ ముందు ఈ సీసా పెడతాను. తిట్టు, కానీ ఆపకు.

నీ ముందు తల ఎత్తలేని
కిరణ్మయి

*

లూకన్,
29 మార్చి 2026

సుధేష్ణా, నా తల్లీ,

నీ తిట్లు అందాయి. ప్రతి మాటా న్యాయమే. కానీ అవి చేరేలోపే ఇంకొకరు తిట్టేశారు.

నీకు రాసిన మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూ అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. గాజు అంచు గరుకుగా తగిలింది. అది ఆవిడ పెళ్ళిలో నాకు పెట్టిన గాజు. ఏమిటని అడిగారు. అబద్ధం నోటిదాకా వచ్చింది, కానీ బయటికి రాలేదు. మొత్తం చెప్పేశాను. లైసెన్సు పోతుందనీ, దాంతో నా పేరూ పోతుందనీ, గాజు రాశాననీ అన్నీ. ఆవిడ ఆ గరుకు అంచుని వేలితో తడిమారు.

"నే చేసింది తెలియక చేశా. నువ్వు తెలిసి చేస్తున్నావు. ఆ పొడి నా చేతికియ్యి. ఆ గొర్రెలాయన దగ్గరికి పద."

శశి కారు తీశాడు. దారిలో ఒక్కసారీ నవ్వలేదు. డోనల్ చేతిలో తడి గొర్రెపిల్లతో గేటు దగ్గరికొచ్చి, కుదరదన్నాడు. అత్తయ్యగారు ముందుకెళ్ళి తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పారు, అమ్మాయికి దొరికింది, నేను దేవుడి డబ్బాలో వేశాను, తప్పు నాది అని. ఎందుకని అడిగాడు. అరిష్టం అన్నదానికి ఇంగ్లీషు నేను అందించాను. డోనల్ కాసేపు గొర్రెపిల్ల మొహం తుడిచాడు. తర్వాత, వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ తెల్లముళ్ళ చెట్టు పువ్వుని అరిష్టమని గడప దాటి లోపలికి రానిచ్చేది కాదని చెప్పాడు. ఒక గంట, గొర్రెలవైపు పోకండి అని గేటు తీశాడు.

వాగు పొంగి ఉంది. గంటలో సగం అయిపోయింది, తొందరలో ఇసుకంతా బయటికి విసిరేస్తున్నాను, ఒక్క రవ్వ లేదు. గట్టు మీద గొడుగు కింద నిలబడి అత్తయ్యగారు చూస్తూ ఉన్నారు.

"నీకు కావలసింది అడుగున రాయా, పైన బియ్యమా?"

అడుగునే అన్నాను. "మరి చెప్పవేం?" అని గొడుగు శశి చేతిలో పెట్టి, శశి రబ్బరు బూట్లు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు దోపి నీళ్ళలోకి దిగారు. పళ్ళెం నా చేతిలోంచి తీసుకున్నారు. ఏభై ఏళ్ళు బియ్యం గాలించిన చేతులు, సుధేష్ణా! మణికట్టు ఆడీ ఆడనట్టు ఆడుతుంటే తేలికదంతా నీళ్ళతో జారిపోయింది. నల్ల ఇసుక మిగిలింది. నేను కళ్ళు మూసుకున్నాను. "ఇదిగో" అన్నారు. పద్నాలుగు రవ్వలు! శశి గట్టు మీదినుంచి గట్టిగా అరిచాడు, గొర్రెలు బెదిరాయి, డోనల్ తిట్టాడు.

సీసాలో సీలు వేశాక, ఇంట్లో పెట్టుకుంటే అరిష్టం కాదా అత్తయ్యా అని అడిగాను. వణుకుతూనే జవాబిచ్చారు, ఇది దొరికింది కాదు, వెతుక్కున్నది అని.

ఆ సాయంత్రం ఐలీన్‌కి గాజు సంగతితో సహా చెప్పాను. ఆవిడ మొహం గట్టిపడింది. ఇంకోసారి ఇలాంటిది నీ మనసులోకి వస్తే ముందు నాకు చెప్పు అంది, అంతే. ఆ పద్నాలుగింటినీ మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే చూసి ఇంకో రెండేళ్ళకి ఒప్పుకుంది. పోయిన పదకొండూ ఎక్కడికి పోయాయో రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. నిన్న పంపేశాను.

పంపేముందు అత్తయ్యగారికి ఒక పేజీ చూపించాను. నమూనా తీసినవారు అన్న చోట ఆవిడ పేరు ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"చాముండేశ్వరి అని ఒట్టి పేరే రాశావేం? ఎవరి భార్యో, ఎవరి తల్లో రాయక్కర్లేదా?"

వాళ్ళు అడగలేదత్తయ్యా అన్నాను. ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు నాకు తిరిగివ్వలేదు.

ఇంకా ఆ వాగులోనే నిలబడ్డట్టున్న
నీ కిరణ్మయి